గోడ మీద బూజు, గాలిలో నీరు: డీహ్యూమిడిఫైయర్ ఏం చేయగలదు, ఏం చేయలేదు

రాయ్‌పూర్ నగరానికి పడమటి వైపు, భిలాయ్ వెళ్లే గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు మీద టాటీబంధ్ ఉంది. 2012లో మొదలైన రాయ్‌పూర్ ఎయిమ్స్ ఇక్కడే ఉంది. రైల్వేలోనూ, ఉక్కు కర్మాగారంలోనూ ఉద్యోగాల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డ ప్రాంతం కూడా ఇదే దారిలో ఉంటుంది. ఇక్కడి వాతావరణం ఏడాదిలో రెండు రకాలుగా ఉంటుంది. మే నెలలో ఎండ 42, 43 డిగ్రీలకు చేరుతుంది. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే ఉతికిన బట్టలు చూస్తుండగానే ఆరిపోతాయి. జూన్ రెండో సగంలో నైరుతి రుతుపవనాలు వస్తాయి. ఏడాదిలో పడే సుమారు 1,200 నుంచి 1,300 మిల్లీమీటర్ల వానలో ఎక్కువ భాగం సెప్టెంబరు చివరికల్లా కురిసేస్తుంది. ఆ నెలల్లో పొద్దుటిపూట గాలిలో తేమ 90 శాతం దరిదాపుల్లో ఉంటుంది.

అప్పుడే బీరువా వెనుక గోడ మీద నల్లటి చుక్కలు కనిపిస్తాయి. తోలు చెప్పుల మీద తెల్లటి నూగు వస్తుంది. పెట్టె తెరిస్తే ముక్క వాసన కొడుతుంది. ఇళ్లలో దులిపే సాలెగూళ్లను కూడా తెలుగులో బూజు అనే అంటాం కానీ, ఇక్కడి బూజు వేరు. ఇది ప్రాణమున్న శిలీంధ్రం. దీన్ని వదిలించుకోవడానికి ఈ మధ్య చాలామంది డీహ్యూమిడిఫైయర్ కొంటున్నారు. ఆ యంత్రం పని చేస్తుందా అనే ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. నీరు ఎక్కడి నుంచి వస్తోందన్న దాని మీద జవాబు ఆధారపడి ఉంటుంది.

ఊరగాయ జాడీ చెప్పే పాఠం

బూజు పెరగడానికి నాలుగు కావాలి: సిద్ధబీజాలు, ఆహారం, తగిన వెచ్చదనం, నీరు. సిద్ధబీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, వాటిని పూర్తిగా ఆపలేం. ఆహారానికి గోడ మీది దుమ్ము, రంగులోని జిగురు, కాగితం, నూలు, చెక్క చాలు. రోడ్డు పక్క ఇళ్లలో దుమ్ముకు కొదవ ఉండదు. మనకు హాయిగా ఉండే 25, 30 డిగ్రీల వెచ్చదనమే బూజుకూ హాయి. ఇక మన చేతిలో మిగిలింది నీరు ఒక్కటే.

ఈ సంగతి ఊరగాయ పెట్టే వాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. ఆవకాయలో తడి ఉంటుంది, అయినా ఏడాది నిలుస్తుంది. ఉప్పు, పులుపు, పైన తేలే నూనె కలిసి దాన్ని కాపాడతాయి. వీటిలో ఉప్పు చేసే పని నీటిని పట్టి ఉంచడం. నీరు ఉన్నా శిలీంధ్రానికి అందదు. ఉప్పు తగ్గిన జాడీలోనూ, తడి గరిటె పెట్టిన చోటా ఆ పట్టు సడలుతుంది, బూజు వస్తుంది.

ఒక పదార్థంలో సూక్ష్మజీవులకు అందుబాటులో ఉన్న నీటిని శాస్త్రవేత్తలు ‘నీటి క్రియాశీలత’ అనే కొలతతో చెబుతారు. స్వచ్ఛమైన నీటికి దీని విలువ 1. ఇక కరగలేనంత ఉప్పు కలిపిన నీటికి దాదాపు 0.75. ఇదే కొలత గోడకూ వర్తిస్తుంది. ఎక్కువ కాలం 80 శాతం తేమ ఉన్న గాలిని తాకుతూ ఉన్న గోడ పైపొరలో నీటి క్రియాశీలత దాదాపు 0.8కి చేరుతుంది. ఇళ్లలో కనిపించే బూజుల్లో చాలా వాటికి అంత చాలు. కొన్ని మొండి జాతులు 75 శాతం దగ్గర కూడా నెమ్మదిగా పెరుగుతాయి. అందుకే ఇంట్లో తేమను 60 శాతం లోపు ఉంచమని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సూచిస్తుంది. ఆ అంకెకూ బూజు మొదలయ్యే గీతకూ మధ్య ఉన్న దూరమే మన రక్షణ.

ఇంట్లోనే చేసే ఉప్పు పరీక్ష

తేమ కొలిచే చిన్న డిజిటల్ పరికరాలు, అంటే హైగ్రోమీటర్లు, తక్కువ ధరకే దొరుకుతాయి. కానీ చౌక పరికరాలు ఐదారు శాతం అటూ ఇటూ చూపడం మామూలే. వాటిని సరిచూడడానికి ప్రయోగశాల అక్కర్లేదు. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత వరకే నీరు కలపాలి. ఉప్పు పూర్తిగా కరిగిపోకూడదు. ఆ మూతను, పరికరాన్ని ఒక జిప్ కవరులో పెట్టి గాలి చొరబడకుండా మూసి, రాత్రంతా నీడన ఉంచాలి. లోపలి గాలి 75 శాతం తేమ దగ్గర నిలుస్తుంది. పరికరం 80 చూపిస్తే అది ఐదు ఎక్కువ చూపుతోందని అర్థం. ఆ తేడాను చీటీ మీద రాసి పరికరానికి అంటిస్తే సరిపోతుంది.

పరికరం లేకపోయినా వంటింట్లో ఒక హెచ్చరిక ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు గాలిలోని నీటిని పీల్చుకుని చెమరుస్తుంది. కల్లుప్పులో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి కాబట్టి అది ఇంకా ముందే చెమరుస్తుంది. మెత్తటి ఉప్పు కూడా డబ్బాలో గడ్డ కట్టి తడిగా మారిందంటే, ఆ గదిలో బూజుకు వేళయిందని అనుకోవచ్చు.

గది మధ్యలో 70, గోడ దగ్గర 94

వాతావరణ వార్తల్లో వినే తేమ శాతాన్ని సాపేక్ష ఆర్ద్రత అంటారు. ఆ వేడిలో గాలి మోయగలిగిన నీటి ఆవిరిలో ఎన్నో వంతు ఇప్పుడు ఉందో అది చెబుతుంది. గాలి వేడెక్కేకొద్దీ ఎక్కువ ఆవిరిని మోయగలదు. ఒక ఘనపు మీటరు గాలి 13 డిగ్రీల వద్ద సుమారు 11 గ్రాముల ఆవిరిని, 24 డిగ్రీల వద్ద 22 గ్రాములను, 28 డిగ్రీల వద్ద 27 గ్రాములను మోస్తుంది. కాబట్టి ఆవిరి ఏమీ పెరగకపోయినా, గాలి చల్లబడితే చాలు శాతం పెరుగుతుంది. ఇంకా చల్లబడితే ఒక దశలో ఆవిరి నీటి చుక్కలుగా మారుతుంది. ఆ ఉష్ణోగ్రతే డ్యూ పాయింట్.

ఒక ఉదాహరణ చూద్దాం. గదిలో 27 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్నాయి. పక్క గదిలో రాత్రంతా ఏసీ 18 డిగ్రీల మీద నడిచింది. రెండు గదులకూ ఉమ్మడిగా ఉన్న గోడ ఇటువైపు 22 డిగ్రీలకు చల్లబడింది. అదే గాలి ఆ గోడను తాకే చోట తేమ 94 శాతం అవుతుంది. గది మధ్యలో పెట్టిన పరికరం మాత్రం 70 అనే చూపిస్తుంది. గోడకు ఆనించిన బీరువా వెనుక గాలి ఆడదు కాబట్టి అక్కడ తడి ఆరదు. బూజు మొదట అక్కడే పుట్టడానికి కారణం ఇదే. బీరువాను గోడకు జానెడు దూరం జరపడం, ఏసీని 24 డిగ్రీల కంటే కిందికి దించకపోవడం పైసా ఖర్చు లేని చికిత్సలు. 2020 జనవరి నుంచి మన దేశంలో కొత్త గది ఏసీలకు 24 డిగ్రీలే మొదటి అమరికగా ఉండాలన్న నిబంధన విద్యుత్తు ఆదా కోసం తెచ్చినదే అయినా, గోడలకూ మేలు చేస్తుంది.

కిటికీ తెరవాలా, మూయాలా?

‘గాలి ఆడితే బూజు పోతుంది’ అనే మాట సగమే నిజం. జనవరి తెల్లవారుజామున టాటీబంధ్‌లో బయట 13 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్నాయనుకుందాం. ఆ గాలిలో ఘనపు మీటరుకు 9 గ్రాముల ఆవిరే ఉంటుంది. అది ఇంట్లోకి వచ్చి 24 డిగ్రీలకు వేడెక్కితే తేమ 42 శాతానికి పడిపోతుంది. బయట అంకె 80 అని భయపడి కిటికీలు మూయాల్సిన పని లేదు. ఆ గాలి ఇంటిని ఆరబెడుతుంది.

ఆగస్టు సంగతి వేరు. బయట 26 డిగ్రీలు, 90 శాతం తేమ ఉన్న గాలిలో ఘనపు మీటరుకు దాదాపు 22 గ్రాముల ఆవిరి ఉంటుంది. అది 28 డిగ్రీల గదిలోకి వచ్చినా తేమ 80 శాతం ఉంటుంది. వాన రోజుల్లో కిటికీ తెరిస్తే బూజు కోరుకునే గాలినే లోపలికి పిలిచినట్టు. వంట, స్నానం తర్వాత ఆవిరిని బయటికి పంపే ఎగ్జాస్ట్ ఫ్యాన్ మాత్రం అప్పుడూ అవసరమే, ఎందుకంటే ఆ ఆవిరి బయటి గాలి కంటే ఎక్కువ.

డెజర్ట్ కూలర్‌కూ ఇదే లెక్క. మే నెల పొడిగాలిలో నీటిని ఆవిరి చేసి చల్లబరచడం దాని పని. జూలైలో గాలి అప్పటికే నిండి ఉంటుంది కాబట్టి కూలర్ చల్లబరచలేదు, తేమను మాత్రం పెంచుతుంది. మొదటి వానలతోనే దాని నీటిని తీసేసి, మెత్తలను ఎండబెట్టాలి.

యంత్రం లోపల జరిగేది

డీహ్యూమిడిఫైయర్ నిజానికి ఫ్రిజ్ చుట్టమే. ఫ్యాను గదిలోని గాలిని లాగి చల్లటి తీగచుట్ట మీదుగా పంపుతుంది. ఆ చుట్ట డ్యూ పాయింట్ కంటే చల్లగా ఉంటుంది. చల్లటి నీళ్ల చెంబుకు బయట చెమట పట్టినట్టే ఆవిరి దాని మీద నీరుగా మారి తొట్టిలోకి జారుతుంది. ఆరిన గాలి తర్వాత వేడి చుట్ట మీదుగా వెళ్లి గదిలోకే తిరిగి వస్తుంది. ఏసీ అయితే ఆ వేడిని ఇంటి బయటికి తోసేస్తుంది. ఈ రెండు యంత్రాలకూ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే.

తేమను అదుపు చేయడం ఏసీకి పుట్టుకతో వచ్చిన పని. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయంలో తేమకు కాగితం సాగి, ముడుచుకుని, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేవి కావు. దానికి పరిష్కారంగా విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు రూపొందించిన ఏర్పాటే నేటి ఏసీకి మూలం. మనుషుల సుఖం ఆ తర్వాత వచ్చిన సంగతి.

గ్లాసుడు నీళ్లు, బకెట్టెడు పని

12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిలో 34 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. 28 డిగ్రీలు, 80 శాతం తేమ వద్ద ఆ గాలి మొత్తంలో ఉన్న నీరు సుమారు 740 గ్రాములు. దాన్ని 55 శాతానికి తేవాలంటే తీయాల్సింది 230 గ్రాములే, అంటే ఒక గ్లాసుడు నీళ్లు. మరి యంత్రం తొట్టి రోజూ లీటర్ల కొద్దీ ఎందుకు నిండుతుంది?

బయటి గాలి లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి. తలుపు సందుల నుంచి, కిటికీ అంచుల నుంచి గంటకు ఒకసారి గదిలోని గాలి మొత్తం మారుతోందనుకుంటే, పైన చెప్పిన ఆగస్టు గాలితో గంటకు మరో 235 గ్రాముల నీరు వచ్చి చేరుతుంది. రోజుకు ఐదున్నర లీటర్లకు పైగా. సందులు మూసి ఆ రాకను సగానికి తగ్గిస్తే యంత్రం పని కూడా సగమవుతుంది. కిటికీ తెరిచి డీహ్యూమిడిఫైయర్ నడపడం ఊరంతటినీ ఆరబెట్టాలని చూడడమే. తలుపు కింద రబ్బరు పట్టీ వేయడం ఎంత పెద్ద యంత్రం కొన్నామన్న దానికంటే ముఖ్యం.

ఇంటి లోపల పుట్టే నీరూ తక్కువేం కాదు. పిండిన తర్వాత కూడా ఒక విడత బట్టల్లో రెండు లీటర్ల నీరు ఉండవచ్చు. అది ఆరిందంటే గది గాలిలోకి చేరిందనే అర్థం. వానాకాలంలో బట్టలు ఇంట్లో ఆరేయక తప్పదు. అలాంటప్పుడు ఒకే గదిలో ఆరేసి, తలుపు మూసి, యంత్రాన్ని ఆ గదిలోనే నడపడం మంచి పద్ధతి. ఈ యంత్రానికి ఇంతకంటే సరైన పని దొరకదు.

దీనికి మూల్యం కరెంటు, వేడి. ఒక లీటరు నీరు తీయడానికి సాధారణ యంత్రం అర యూనిట్ నుంచి ముప్పావు యూనిట్ దాకా కరెంటు వాడుతుంది. ఆవిరి నీరుగా మారేటప్పుడు వదిలే వేడి మరో 0.68 యూనిట్‌కు సమానం. రోజుకు ఆరు లీటర్లు తీసే యంత్రం వల్ల గదిలో మూడు 100 వాట్ల పాత బల్బులు రోజంతా వెలిగినంత వేడి చేరుతుంది. అందుకే మనుషులు నిద్రపోయే గదిలో ఏసీ ఉంటే, వానాకాలంలో దాని ‘డ్రై’ అమరికే మేలు కావచ్చు. బట్టలు, పుస్తకాలు, సామాను ఉండే గదికి డీహ్యూమిడిఫైయర్ నప్పుతుంది.

కొనేటప్పుడు పెట్టె మీది అంకెను జాగ్రత్తగా చదవాలి. ‘రోజుకు 20 లీటర్లు’ అన్నది తరచుగా 30 డిగ్రీలు, 80 శాతం తేమ వద్ద ఇచ్చే లెక్క. గది 60 శాతానికి వచ్చాక అదే యంత్రం సగం దరిదాపులే తీస్తుంది. అరచేతిలో ఇమిడే చిన్న యంత్రాలు కంప్రెసర్ లేనివి. అవి అలమరకు తప్ప గదికి చాలవు. పెట్టెల్లో పెట్టే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు మూసిన అలమరలో బాగానే పని చేస్తాయి కానీ, అందులో చేరిన ద్రవం ఒలికితే తోలు, ఇనుము పాడవుతాయి. యంత్రం తొట్టిలోని నీరు చూడ్డానికి స్వచ్ఛంగా ఉన్నా తాగడానికి పనికిరాదు. దుమ్ము పట్టిన లోహపు చుట్ట మీదుగా వచ్చిన నీరది. నేల తుడవడానికి వాడుకోవచ్చు. తొట్టిని, వడపోత జాలీని తరచూ కడగకపోతే బూజు యంత్రంలోనే కాపురం పెడుతుంది.

యంత్రం చేయలేనిది

డీహ్యూమిడిఫైయర్ గాలిలోని ఆవిరినే తీయగలదు. డాబా పైకప్పు పగులు నుంచి దిగే వాన నీటిని, గోడలో కారే పైపును, పునాది నుంచి ఇటుకల్లోకి పైకి పాకే చెమ్మను అది ఆపలేదు. ఇలాంటి గోడ ముందు యంత్రం పెడితే, కారుతున్న కుండ కింద గుడ్డతో తుడుస్తూ కూర్చున్నట్టే. కరెంటు బిల్లు పెరుగుతుంది, గోడ తడిగానే ఉంటుంది.

చెమ్మ ఎక్కడిదో తేల్చడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. గోడ మీద అనుమానం ఉన్న చోట గుడ్డతో తుడిచి, అడుగు చదరం పారదర్శక ప్లాస్టిక్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గట్టిగా అంటించాలి. రెండు రోజుల తర్వాత చూడాలి. ప్లాస్టిక్‌కు గోడ వైపు చుక్కలు ఉంటే నీరు గోడలోంచి వస్తోంది. అప్పుడు పిలవాల్సింది మేస్త్రీనో ప్లంబరునో. గది వైపు తడి ఉంటే అది గాలిలోని ఆవిరి. అప్పుడు యంత్రం పనికొస్తుంది. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకే గోడ ఉబ్బి, తెల్లటి ఉప్పు పొర రాలుతుంటే అది పునాది చెమ్మ. పైకప్పు మూల నుంచి మరక కిందికి దిగుతుంటే అది వాన నీరు.

ఆరోగ్యం: దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు

2021 మే నెలలో కోవిడ్ రెండో ఉద్ధృతి సమయంలో రాయ్‌పూర్ ఎయిమ్స్‌లో మ్యూకర్‌మైకోసిస్ రోగులు చేరారు. దేశమంతా దాన్ని ‘బ్లాక్ ఫంగస్’ అంది. అప్పటి నుంచి గోడ మీది నల్లటి బూజును చూస్తే అదే ఇదేమోనని భయపడేవారు ఉన్నారు. ఆ పేరులోని నలుపు శిలీంధ్రం రంగు కాదు, వ్యాధి వల్ల చచ్చిపోయిన కణజాలం రంగు. ఆ వ్యాధికి కారణమైన శిలీంధ్రాలు మట్టిలోనూ, కుళ్లుతున్న ఆకుల్లోనూ సాధారణంగా ఉంటాయి. అదుపులో లేని మధుమేహం, స్టెరాయిడ్ల వాడకం వాటికి దారి ఇచ్చాయి. గోడ మీద నల్లగా కనిపించేవి ఎక్కువగా క్లాడోస్పోరియం, ఆస్పర్‌జిల్లస్ వంటి వేరే జాతులు.

అలాగని గోడ బూజును తేలిగ్గా తీసుకోకూడదు. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఉబ్బసం, పిల్లికూతలు, దగ్గు, శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు ఎక్కువగా కనిపిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇంత బూజు వరకు ఫరవాలేదు అనే హద్దును ఆ సంస్థ గీయలేదు. చెమ్మను అరికట్టడమే మార్గమని చెప్పింది.

టాటీబంధ్‌కు ఈ మాట మరింత వర్తిస్తుంది. పెద్దాసుపత్రి ఉన్నచోట దూరప్రాంతాల నుంచి చికిత్సకు వచ్చి, చుట్టుపక్కల అద్దె గదుల్లో వారాల తరబడి ఉండే కుటుంబాలు ఉంటాయి. క్యాన్సర్ మందుల వల్ల తెల్లరక్తకణాలు బాగా తగ్గినవారికి, అవయవ మార్పిడి జరిగినవారికి ఆస్పర్‌జిల్లస్ ఊపిరితిత్తుల్లో ప్రాణాపాయమైన ఇన్ఫెక్షన్ కలిగించగలదు. అలాంటి రోగి కోసం గది వెతికేటప్పుడు అద్దె కంటే ముందు గోడలు చూడాలి. మంచం వెనుక, కిటికీ కింద, స్నానాల గదిని ఆనుకున్న గోడ మీద చెమ్మ ఉంటే ఆ గది వద్దనుకోవడమే మంచిది. కొత్తగా వేసిన సున్నం మరకను దాచగలదు కానీ వాసనను దాచలేదు.

శుభ్రం చేసే పద్ధతి

బూజును పొడి చీపురుతో ఊడ్చకూడదు, సిద్ధబీజాలు గదంతా లేస్తాయి. ఎన్95 మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, సబ్బు నీటిలో ముంచిన గుడ్డతో తుడిచి, ఆ చోటును పూర్తిగా ఆరనివ్వాలి. బ్లీచింగ్‌ను టాయిలెట్ కడిగే యాసిడ్‌తో ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. ఉబ్బసం ఉన్నవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఈ పని చేయకూడదు. బూజు పది చదరపు అడుగుల కంటే ఎక్కువ మేర పాకితే పని తెలిసినవారికి అప్పగించాలి. తడి గోడ మీద రంగు వేస్తే బూజుకు కొత్త ఆహారం పెట్టినట్టే. తడిసిన పరుపు, చాప, కాగితాలు ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే వాటిలో బూజు మొదలవుతుంది.

పనులకు ఒక వరుస ఉంది. మే నెలలో పైకప్పు పొడిగా ఉన్నప్పుడే పగుళ్లు పూడ్చి, పైపులు చూసుకోవాలి. జూన్‌లో కూలర్ ఆపి, బీరువాలు గోడకు దూరంగా జరపాలి. జూలైలో తేమ కొలిచే పరికరాన్ని ఉప్పుతో సరిచూసి, ఇంట్లో అన్నిటికంటే చల్లటి మూలలో పెట్టాలి. ఇన్ని చేశాక కూడా ఆ మూలలో అంకె రోజుల తరబడి 70 దాటి ఉంటే, అప్పుడు డీహ్యూమిడిఫైయర్ కొనవచ్చు. ఆ యంత్రం చేయాల్సిన పని అప్పటికి బాగా తగ్గి ఉంటుంది, కాబట్టి చిన్నది సరిపోతుంది.